కాలవ ఈత కాలవలోనే వదిలెయ్

అమ్మడూ,

నీ వీడియో మూడుసార్లు చూశాను. చేతులు బాగా ఆడుతున్నాయి, దమ్ము కూడా ఉంది, కానీ ఆ తలేంది, నీళ్లలో కొట్టుకుపోయే కొబ్బరికాయలా పైకే తేలుతోంది? కాలవలో ఎదురుగా ఏమొస్తుందో చూసుకోవాలి కాబట్టి తలెత్తి ఈదుతాం, నేనూ కావలి కాలవలో అలాగే నేర్చుకున్నా. పూల్‌లో మాత్రం తల లేస్తే నడుమూ కాళ్లూ కిందికి దిగిపోతాయి, ఇక ఎంత కొట్టుకున్నా గోనెసంచి లాగినట్టే. అడుగునున్న నల్లగీతను చూస్తూ ఈదు. ఊపిరికి తల ఎత్తకుండా ఒంటితోపాటు పక్కకి తిప్పు, ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి. ముఖం నీళ్లలో ఉన్నప్పుడే ఊపిరి వదిలెయ్, పైకొచ్చాక వదిలి మళ్లీ పీల్చేంత టైమ్ ఉండదు.

తర్వాత టర్న్, అదే గోడ దగ్గర పల్టీ కొట్టి వెనక్కి తిరగడం. 50 మీటర్ల పూల్‌లో 200 ఈదితే మూడు టర్న్‌లు, 25 మీటర్ల పూల్‌లో ఏడు. మనవాళ్లు ప్రాక్టీస్‌లో గోడ దగ్గర ఆయాసం తీర్చుకుంటారు తప్ప టర్న్ నేర్చుకోరు. పదిహేడేళ్లప్పుడు 200 ఫ్రీస్టైల్ చివరి టర్న్‌లో తొందరపడి దూరంగానే పల్టీ కొట్టాను, కాళ్లు గోడకి తగల్లేదు. ఫ్రీస్టైల్‌లో చెయ్యి ఆనించక్కర్లేదు గానీ ఒంట్లో ఏదో ఒకటి తగలాలి కదా. రెండోస్థానం వచ్చిందని సంబరపడుతుంటే డిస్‌క్వాలిఫై అన్నారు. ఇంటికొచ్చేదాకా బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. గోడని తన్నాక చేతులు చెవులకి ఆనించి బాణంలా సాగు. 15 మీటర్లదాకా నీళ్లలోపల ఉండనిస్తారు, నువ్వేమో వెంటనే లేచిపోతున్నావు.

50లో పతకం రాలేదని ఏడవకు, నీది 200, 400 ఒళ్లు. 200లో మొదటి 50 డైవ్ ఊపుతో తేలిగ్గా పోతుంది, అక్కడే అందరూ మోసపోయి ఉన్న బలమంతా ఖర్చుపెట్టేస్తారు. మూడో 50కి కొంచెం మిగుల్చుకో.

భుజం నొప్పి వస్తే వెంటనే సార్‌కి చెప్పు. నేను మందు రాసుకుని దాచాను, రెండేళ్లు పోయాయి.

మీ నాయనమ్మ పదో తరగతికొచ్చాక ఈతలేంది అంటోందట. అమెరికా ఈతగత్తె కేటీ లెడెకీ 15 ఏళ్లకే లండన్‌లో 800 ఫ్రీస్టైల్ గెలిచింది, 2024 పారిస్‌దాకా ఆ రేసు వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో ఆమెదే. ఇది చెప్తే నాయనమ్మ వినదులే. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉంటుందని చెప్పు, వింటుంది. రేపల్లె దగ్గర పల్లెలో పుట్టిన ఈతగాడు షంషేర్ ఖాన్ కూడా సైన్యంలో చేరాకే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. పతకాలతోనే ఇల్లు గడవదు, చదువు మాత్రం వదలొద్దు.

ఆదివారం నెల్లూరొస్తా. ఈసారి వీడియో ఎదురుగా కాదు, పక్కనుంచి తీయించు. చేపల పులుసు శనివారం రాత్రే కాచి ఉంచమని అమ్మకి చెప్పు.

మీ మామ