40 మిల్లీమీటర్ల కోసం 80 వేల అప్పా?

ప్రశ్న: నా వయసు 27. ఉండేది గుంటూరు, ఉద్యోగం విజయవాడలో. రోజూ కారులోనే వెళ్లివస్తాను. జీతం 48 వేలు. కారు అప్పు వాయిదా 9,200, పెట్రోలుకు సుమారు 11 వేలు. 60 వేల కిలోమీటర్లు తిరిగిన కారు ఈ మధ్య మలుపుల్లో బాగా ఊగుతోంది. 40 మి.మీ. కిందికి దించాలని ఉంది. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు కలిపి 80 వేలు అడిగారు. 15 శాతం వడ్డీకి రెండేళ్ల వ్యక్తిగత రుణం దొరుకుతోంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. నెలకు 3,879 చొప్పున మొత్తం 93 వేలు కడతారు. పాత వాయిదా, పెట్రోలు కూడా కలిపితే నెలకు 24 వేలు. జీతంలో సగం కారే తినేస్తుంది.

మీ కోరికలో అర్థం లేకపోలేదు. కారు బరువు నేలకు దగ్గరైతే మలుపులో బయటి చక్రాల మీదికి మళ్లే భారం తగ్గుతుంది, స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది. అయితే ఎత్తు తగ్గితే చక్రాల కోణాలూ మారతాయి, పైభాగం లోపలికి వాలుతుంది. అలైన్‌మెంట్ సరిచేయించకపోతే టైరు లోపలి అంచు అరిగిపోతుంది. బయటి నుంచి చూస్తే కొత్త టైరే. లోపలికి చెయ్యి పోనిచ్చి తడిమితే టైరులోని ఉక్కు తీగలు తగులుతాయి.

ఉన్న స్ప్రింగులనే కోయించుకుంటే చవకగా పోతుందని ఆటోనగర్‌లో ఎవరైనా చెబితే వినకండి. చుట్లు తగ్గిన స్ప్రింగు బిరుసెక్కుతుంది, దాన్ని అదుపు చేయడం పాత షాక్ వల్ల కాదు. గతుకులో చక్రం కిందికి వేలాడినప్పుడు స్ప్రింగు చోటు తప్పినా తప్పవచ్చు.

మామూలు చిన్న కారు అడుగుకూ నేలకూ మధ్య ఉండేది 165–170 మి.మీ. అందులో 40 పోతే? నలుగురు ఎక్కితే ఇంకాస్త దిగుతుంది. ప్రమాణాల ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకరే 100 మి.మీ. ఎత్తు. మన సందుల్లో ఎవరి ఇంటి ముందు వారు సిమెంటుతో పోసుకున్న దిబ్బలకు కొలతలెక్కడివి! ఇంజిన్ ఆయిల్ చాంబర్ ఒక్కసారి పగిలితే ఆ నెల బడ్జెట్ కూడా దానితోపాటే కారిపోతుంది.

నన్ను ఎక్కువగా భయపెట్టేది బీమా. కంపెనీకి చెప్పకుండా మార్పు చేయిస్తే, ప్రమాదం జరిగాక క్లెయిమును తిరస్కరించడానికి మీరే కారణం చేతికిచ్చినట్టు. కారు నుజ్జయినా రెండు అప్పులూ నిలిచే ఉంటాయి. పైగా అనుమతి లేని మార్పులకు మోటారు వాహనాల చట్టంలో, 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

ఊగడం ఈ మధ్యే మొదలైందన్నారు. ముందు టైర్లలో గాలి, షాక్‌లు చూపించండి. షాక్ ఒంటి మీద నూనె జిడ్డు కనిపిస్తే అది పాడైనట్టే, తప్పు కారు ఎత్తుది కాదు. కంపెనీ షాక్‌లే వేయించి అలైన్‌మెంట్ చేయించండి. అప్పు అక్కర్లేదు. కట్టాలనుకున్న 3,879 నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఆరు నెలలకు 23 వేలు దాటుతుంది. అప్పటికీ మనసు లాగుతుంటే మళ్లీ రాయండి.