ఆర్‌ఎక్స్ 100 హ్యాండిల్ మార్చేముందు వైర్లు, ట్యాంకు చూసుకోండి

మీ నాన్నగారి యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు కింద పడి హ్యాండిల్ ఒక పక్కకు వంగిందనీ, కొత్తది ఒరిజినల్ వంపుదే వేయాలా లేక కేఫ్ రేసర్ టైపు (పాతకాలపు రేసు బైకులా కనిపించే) నేరు పైపు వేయొచ్చా అనీ మీరు అడిగారు. నా దగ్గరా అదే బండి ఉంది. సూటిగా చెప్పాలంటే ఒరిజినల్ వంపుదే వేయండి. అందం సంగతి ఎవరిష్టం వారిది. నేను చెప్పేది ట్యాంకు గురించీ వైర్ల గురించీ.

అయితే డబ్బు పెట్టేముందు, వంగింది నిజంగా హ్యాండిలేనా అని చూడండి. బండి పడ్డప్పుడు చాలాసార్లు హ్యాండిల్‌కు ఏమీ కాదు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, దాన్ని బిగించే టీ ముక్కలో కాస్త మెలి తిరుగుతుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి: చక్రం నేరుగా పోతుంటే హ్యాండిల్ మాత్రం పక్కకు చూస్తుంటుంది. హ్యాండిల్ విప్పి, గ్రిప్పులూ లివర్లూ తీసేసి, చదునైన గచ్చు మీద బోర్లించండి. రెండు చివరలూ సమానంగా ఆనకుండా ఊగితే వంగినట్టే. ఊగకపోతే టీ బోల్టులు వదులు చేయించి ఫోర్కు సరిచేయిస్తే సరిపోతుంది. ఆ పనిలోనే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) కూడా చూపించండి. వంగిందని తేలితే మాత్రం వేడి చేసి, సుత్తితో కొట్టి నేరుగా చేస్తామంటే ఒప్పుకోకండి. ఒకసారి వంగిన పైపుకు ఆ చోట బలం ఉండదు. గట్టిగా బ్రేకు వేసి చేతుల మీద బరువంతా మోపినప్పుడు విరిగేది అక్కడే.

ఇక నేరు పైపు సంగతి. నేను బండి కొన్నప్పుడు పాత ఓనరు పెట్టించిన నేరు పైపే దాని మీద ఉంది. ఫొటోలో భలే ఉంది. దగ్గరికెళ్లి చూస్తే ట్యాంకు ముందు భాగంలో రెండు పక్కలా బొటనవేలు పట్టేంత సొట్టలు. హ్యాండిల్ చివరిదాకా తిప్పినప్పుడల్లా ఒక పక్క క్లచ్ లివర్ పట్టీ, ఇంకో పక్క స్విచ్ పెట్టె ట్యాంకును తాకుతూ వచ్చాయి. కంపెనీ హ్యాండిల్ పైకి లేచి, వెనక్కి వంగి ఉంటుంది కాబట్టి ఆ గొడవ ఉండదు. 1996లో ఆగిపోయిన బండి ఇది. సొట్ట లేని ఒరిజినల్ ట్యాంకు కోసం ఇప్పుడు జనం ఎంతెంత పెడుతున్నారో మీరూ చూసే ఉంటారు.

రెండోది వైర్లు. దీనికి ముందు కూడా డ్రమ్ బ్రేకే కాబట్టి డిస్క్ ఆయిల్ గొడవ లేదు. కానీ క్లచ్, బ్రేకు, ఎక్స్‌లేటర్ వైర్లు మూడూ కంపెనీ హ్యాండిల్ ఎత్తుకు సరిపడా పొడవుతో ఉంటాయి. పొట్టి హ్యాండిల్ వేస్తే వైర్లు హెడ్‌లైట్ ముందు ఉచ్చుల్లా వేలాడతాయి, మలుపు దగ్గర బిగుసుకుపోతాయి. ఎత్తు హ్యాండిల్ వేస్తే లాగినట్టవుతాయి. క్లచ్ వైరు బిగుసుకుంటే మహా అయితే ప్లేట్లు అరుగుతాయి. ఎక్స్‌లేటర్ వైరు సంగతి అలా కాదు. అది దారిలో రెండుగా చీలి ఒకటి కార్బొరేటర్‌కు, ఇంకోటి టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోల్‌తో పాటు వెళ్లే ఆయిల్) పంపుకు పోతుంది. మీరు ఎంత ఎక్స్‌లేటర్ ఇస్తే దానికి తగ్గట్టు పంపు ఆయిల్ ఇస్తుంది. ఆ వైరు లెక్క తప్పి పంపు పక్కన వదులు పడితే ఆయిల్ తగ్గుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. బిగుసుకుంటే పొగే పొగ. కొందరు పంపు తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలుపుకుంటారు. మీ బండికి పంపు ఉంటే హ్యాండిల్ మార్చాక దాని పుల్లీ మీది గుర్తు కలిసిందో లేదో మెకానిక్ చేత చూపించుకోండి. అడగకపోతే చాలామంది పట్టించుకోరు.

కొనడానికి హైదరాబాద్‌లో పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్ తిరగొచ్చు. పాత హ్యాండిల్ వంగినా సరే చేత్తో పట్టుకెళ్లండి. కొట్లో "ఆర్‌ఎక్స్‌దే సార్, సేమ్" అని ఏదో ఒకటి ఇస్తారు. పక్కపక్కన పెట్టి వెడల్పు, ఎత్తు, వెనక్కి వచ్చే వంపు మూడూ పోల్చండి. పైపు బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లు ఉండాలి, ఇది ఎలాగూ కలుస్తుంది. అసలు తేడా లోపల ఉంటుంది. పైపు చివర ఖాళీలోకి చూస్తే చవక రకం రేకు పల్చగా కనిపిస్తుంది, చేత్తో తూస్తే పాతదానికన్నా తేలికగా ఉంటుంది. అలాంటిది ఎంత మెరిసినా వద్దు. మధ్యలో హోల్డర్ (హ్యాండిల్‌ను బండికి బిగించే ముక్కలు) పట్టే చోట గరుకు గీతలు ఉన్నాయో లేదో కూడా చూడండి. అవి లేకపోతే హ్యాండిల్ జారి కిందకు తిరుగుతుంది.

నా లెక్కలో అన్నిటికన్నా మంచిది సెకండ్ హ్యాండ్ ఒరిజినల్. పైన మచ్చలు పడి ఉంటే క్రోమ్ వేయించుకోవచ్చు. హోల్డర్ కింద దాక్కునే భాగంలోనో, చివర లోపలనో తుప్పు గుంటలు పడి ఉంటే మాత్రం వదిలేయండి, దాని మీద క్రోమ్ వేసినా గుంట గుంటే. స్విచ్ పెట్టె లోపల చిన్న మేకులాంటిది ఉంటే దానికి సరిపోయే రంధ్రం హ్యాండిల్‌కు ఉందో లేదో కొనేటప్పుడే చూడండి. తర్వాత కొత్త రంధ్రాలు వేయించడం నాకు నచ్చదు.

బిగించేటప్పుడు హోల్డర్ పై ముక్క మీద చుక్క గుర్తు ఉంటే అది ముందుకు రావాలి. ముందు పక్క బోల్టులు మొదట పూర్తిగా బిగించి, తర్వాత వెనకవి. హోల్డర్ ముక్కల మధ్య సందు వెనక పక్కే మిగలాలి. అద్దాలు విప్పేటప్పుడు మొండిగా తిప్పకండి, యమహాల్లో కుడివైపు అద్దానికి ఎదురు మర (మామూలుకు వ్యతిరేకంగా తిప్పితే ఊడేది) ఉండటం మామూలే.

అంతా అయ్యాక బండి స్టాండు వేసి, స్టార్ట్ చేసి, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఇంజిన్ శబ్దం ఏమాత్రం పెరిగినా ఎక్స్‌లేటర్ వైరు ఎక్కడో లాగుతోందన్నమాట, దాని దారి మార్చాలి. అప్పుడే ట్యాంకుకూ లివర్ పట్టీకీ మధ్య వేలు దూరుతుందో లేదో రెండు పక్కలా చూడండి. ఎక్స్‌లేటర్ పూర్తిగా తిప్పి వదిలితే టక్కున దానంతట అదే వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే గ్రిప్పు అంచు స్విచ్ పెట్టెకు రాసుకుంటోందేమో చూసి, కాస్త జరిపి మళ్లీ బిగించండి.