ఇంటర్నెట్ కమ్యూనికేషన్స్‌లో డిగ్రీ: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: మా అమ్మాయి విశ్వవిద్యాలయంలో ఇంటర్నెట్ కమ్యూనికేషన్స్ చదువుతానని పట్టుబడుతోంది. అది కంప్యూటర్ సైన్సా, జర్నలిజమా అని అడిగితే రెండూ కాదంటోంది. అందరూ పొద్దస్తమానం ఫోనులో చేసే పనికి మళ్లీ డిగ్రీ ఎందుకని వాళ్ల నాన్నగారి వాదన. అసలు అందులో నేర్పేదేమిటి?

జవాబు: వాళ్ల నాన్నగారి మాటలో కొంత వెటకారం ఉన్నా, ప్రశ్న మాత్రం సరైనదే. సందేశం ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి చేరే మార్గాన్ని నిర్మించడం కంప్యూటర్ సైన్సు విద్యార్థి నేర్చుకుంటాడు. ఆ సందేశంలో ఏముండాలో, దాన్ని ఎలా సరిచూడాలో జర్నలిజం విద్యార్థి నేర్చుకుంటాడు. మీ అమ్మాయి చదవబోయేది ఈ రెంటికీ నడుమ ఉన్న విషయం: ఆ మార్గం నిర్మాణాన్ని బట్టి సందేశమూ, పంపేవారూ, అందుకునేవారూ ఎలా మారుతున్నారన్నది.

మొదటి సంవత్సరంలో చెప్పే చరిత్రనే చూడండి. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ అనే నెట్‌వర్కు మీద ‘లాగిన్’ (LOGIN) అన్న మాట పంపబోతే, మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలు చేరగానే అవతలి యంత్రం ఆగిపోయింది. దూరాన ఉన్న ఖరీదైన కంప్యూటర్లను పంచుకోవడానికి వేసిన ఆ నెట్‌వర్కులో, 1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి ఉత్తరం (ఈమెయిల్) పంపే వీలు కల్పించాక, పరిశోధకులు దాన్ని ఒకరికొకరు రాసుకోవడానికే ఎక్కువగా వాడసాగారు. కట్టినవారు తలచిన ప్రయోజనం ఒకటి, వాడినవారు కనిపెట్టిన ప్రయోజనం మరొకటి. ఈ చదువుకు ముడిసరుకంతా ఆ తేడాలోనే ఉంది.

అలాగే, కంప్యూటర్ శాస్త్రవేత్తలు వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రతిపాదించిన పద్ధతి నుంచి రూపుదిద్దుకున్న ప్రోటోకాల్‌కు (కంప్యూటర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే నియమాలకు) ఆర్పానెట్ 1983 జనవరి 1న మారడం, టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించిన వెబ్‌ను యూరప్‌లోని అణు పరిశోధన సంస్థ సెర్న్ 1993 ఏప్రిల్ 30న అందరూ రుసుము లేకుండా వాడుకునేలా వదిలిపెట్టడం ఇంజనీరుకు సాంకేతిక ఘట్టాలు. ఈ విద్యార్థి వాటిని వేరే దృష్టితో చదువుతాడు: ఎవరి అనుమతీ అడగకుండా ఒక సామాన్యుడు తన పేజీని ప్రపంచం ముందు పెట్టగలగడం ఎలా సాధ్యమైంది, ఆ స్వేచ్ఛ తర్వాతి కాలంలో కొన్ని కంపెనీల వేదికల మీదికి ఎందుకు తరలిపోయింది? రెండో, మూడో సంవత్సరాలకు వచ్చేసరికి నెట్‌వర్కులలో మానవ సంబంధాల సిద్ధాంతాలు, కాపీరైటు, వ్యక్తిగత గోప్యత, వికలాంగులకు కూడా అందేలా వెబ్‌సైటును రూపొందించడం, పరిశోధన పద్ధతులు వస్తాయి. వీటి పక్కనే వెబ్ కోసం రాయడం, పేజీలు తయారుచేయడం, దృశ్య శ్రవణ సామగ్రిని కూర్చడం వంటి చేతిపని ఉంటుంది.

ఇదే చదువు ఒక చోట ఇంటర్నెట్ స్టడీస్‌గా, మరొక చోట డిజిటల్ మీడియాగా నడుస్తుంది కాబట్టి పేరును బట్టి నిర్ణయించకండి. సిలబస్ తెప్పించుకుని చదవండి. పాఠ్యాంశాల్లో సగం ఏదో ఒక వేదిక పేరుతోనో, సాఫ్ట్‌వేర్ పేరుతోనో ఉంటే నేనైతే ఆ కోర్సును అనుమానిస్తాను. ఒకప్పుడు లక్షల సొంత పేజీలకు చోటిచ్చిన జియోసిటీస్ సేవ 2009లో చాలా దేశాల్లో మూతపడింది, సామాజిక మాధ్యమాల్లో ఆర్కుట్ 2014లో పోయింది, గూగుల్ ప్లస్ సామాన్య వినియోగదారులకు 2019లో అందకుండా పోయింది. మీ అమ్మాయి పట్టా చేతికొచ్చే నాటికి ఇప్పటి వేదికల్లో ఏది మిగులుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏ వేదికనైనా విడదీసి చూడగల పద్ధతిని నేర్పే కోర్సుకు మాత్రం ఆ భయం లేదు.

ప్రశ్న: నాకు లెక్కలంటే భయం. ప్రోగ్రామింగ్ రాకుండా ఈ డిగ్రీ గట్టెక్కవచ్చా?

జవాబు: చాలాచోట్ల గట్టెక్కవచ్చు. ఉన్నత గణితం అవసరం రాదు. అయితే వెబ్ పేజీ వెనక ఉండి దాని నిర్మాణాన్నీ, రూపాన్నీ నిర్దేశించే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ భాషలు చదివి అర్థం చేసుకోగలగాలి. సర్వర్ (పేజీలను ఉంచి పంపే కంప్యూటర్), బ్రౌజర్, డొమైన్ పేరు (సైటు చిరునామా) ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో చెప్పగలగాలి. పరిశోధన పద్ధతుల పాఠంలో సగటు, శాతం, శాంపిల్ వంటి ప్రాథమిక గణాంకాలు వస్తాయి. వాటిని తప్పించుకునే దారి వెతకవద్దు. ఈ రంగంలో చెలామణీ అయ్యే తప్పుడు వాదనల్లో చాలావాటిని ఆ కాస్త గణాంకశాస్త్రంతోనే పట్టుకోవచ్చు. లెక్కలకన్నా ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది రాత పని. దాదాపు ప్రతి పాఠ్యాంశంలోనూ వ్యాసాలు రాయాలి, వాటికి ఆధారాలు చూపాలి. రాయడం ఇష్టం లేనివారికి ఈ చదువు భారమవుతుంది.

ప్రశ్న: నేను ఉద్యోగం చేస్తూ, ఇంటి బాధ్యతలు చూసుకుంటూ ఈ డిగ్రీని ఆన్‌లైన్‌లో చదవాలనుకుంటున్నాను. సమయం సరిపోతుందా? తోటి విద్యార్థుల ముఖాలైనా చూడకుండా చదివితే అది చదువు అనిపించుకుంటుందా?

జవాబు: మొదట సమయం సంగతి. యూరప్ విశ్వవిద్యాలయాలు పాటించే ఈసీటీఎస్ అనే, చదువు శ్రమను క్రెడిట్లుగా కొలిచే లెక్కలో పూర్తికాలపు సంవత్సరానికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ. అంటే 6 క్రెడిట్ల పాఠ్యాంశం ఒకటి 150 నుంచి 180 గంటలు అడుగుతుంది. 15 వారాల సెమిస్టర్‌లో అది వారానికి 10 నుంచి 12 గంటలు. మీరు చేరబోయే చోట లెక్క వేరుగా ఉండవచ్చు, అయినా ఒక్కో పాఠ్యాంశానికి వారానికి ఎన్ని గంటలు కేటాయించాలో ప్రవేశ విభాగాన్ని అడిగితే చెబుతారు. ఉద్యోగం చేసేవారు సెమిస్టర్‌కు ఒక పాఠ్యాంశంతో మొదలుపెట్టి, తట్టుకోగలమని తేలాక రెండోది కలుపుకోవడం మేలని నా అభిప్రాయం. మూడేళ్ల చదువుకు అంతకు రెట్టింపుకన్నా ఎక్కువ కాలం పట్టినా నష్టం లేదు, డిగ్రీని గరిష్ఠంగా ఎన్నేళ్లలో ముగించాలన్న నిబంధనను మాత్రం ముందే చూసుకోండి.

ఇక ముఖాలు చూడకపోవడం గురించి. తెర మీది అక్షరాలతో మాత్రమే పరిచయమైనవారి మధ్య సంబంధం పైపైనే ఉండిపోతుందని పరిశోధకులు చాలాకాలం భావించారు. కమ్యూనికేషన్ పరిశోధకుడు జోసెఫ్ వాల్థర్ 1992లో ఆ అభిప్రాయాన్ని సవాలు చేశాడు. గొంతు, చూపు, హావభావం లేనప్పుడు మనుషులు ఉన్న అక్షరాల నుంచే అవతలివారి స్వభావాన్ని గ్రహిస్తారనీ, తగినంత సమయం దొరికితే ఆ సంబంధం ఎదురెదురుగా ఏర్పడినదానికి తీసిపోదనీ, కాకపోతే నెమ్మదిగా కుదురుతుందనీ అతని వాదన. 1996లో ఇంకో అడుగు ముందుకేసి, కొన్ని సందర్భాల్లో అది ముఖాముఖి పరిచయంకన్నా గాఢంగా కూడా మారుతుందన్నాడు. ఈ సిద్ధాంతాన్ని మీరు పాఠంగా చదవబోతున్నారు, అదే సమయంలో మీ తరగతిలోనే దాన్ని పరీక్షించుకోబోతున్నారు. ఇంటర్నెట్ కమ్యూనికేషన్స్‌ను ఆన్‌లైన్‌లో చదవడంలో ఉన్న ప్రత్యేకత అదే. రసాయనశాస్త్రం చదివేవారికి తరగతి గదే ప్రయోగశాల కాదు కదా!

కాబట్టి మొదటి వారాలు చప్పగా సాగితే నిరుత్సాహపడవద్దు, మౌనంగా మాత్రం ఉండవద్దు. ఆన్‌లైన్ తరగతిలో రాయనివారు లేనట్టే లెక్క. చర్చలో “బాగా చెప్పారు” అని ఒక ముక్క రాసి వదిలేయడంకన్నా, తోటి విద్యార్థి వాదనలో ఒక అంశాన్ని పట్టుకుని చదివిన పాఠంతో కలిపి నాలుగు వాక్యాలు రాస్తే మీకు మార్కులూ వస్తాయి, మిమ్మల్ని గుర్తుపట్టేవారూ ఉంటారు. చిక్కులు ఎక్కువగా వచ్చేది బృంద ప్రాజెక్టుల్లో. సభ్యులు వేర్వేరు దేశాల్లో ఉన్నప్పుడు “శుక్రవారం రాత్రికల్లా” అన్న గడువుకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకుంటారు. గడువును ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ కాలమానంలో రాసుకోవడం, అసలు ప్రతి ఏ ఒక్క చోట ఉంటుందో తీర్మానించుకోవడం, చివర్లో అన్ని భాగాలనూ ఒకే గొంతుతో తిరగరాసే బాధ్యత ఒకరికి అప్పగించడం అనే మూడు పనులు తొలి వారంలోనే జరిగితే తర్వాతి తగవుల్లో చాలాభాగం పుట్టవు.

ప్రశ్న: చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం సామాజిక మాధ్యమాల్లో ప్రజలు బహిరంగంగా పెట్టిన పోస్టులను సేకరించి విశ్లేషిద్దామనుకున్నాను. ముందు నైతిక సమీక్ష సంఘం (మనుషుల మీద చేసే పరిశోధనలను ముందే పరిశీలించే సంఘం) అనుమతి తీసుకోవాలని మా గైడు అంటున్నారు. అందరూ చూడగలిగినదానికి అనుమతి ఎందుకు?

జవాబు: మీ గైడు చెప్పింది పాటించండి. ఒకరు రాసినదాన్ని ఎవరైనా చూడగలగడం వేరు, వారు దాన్ని ఎవరి కోసం రాశారన్నది వేరు. జబ్బు గురించి తోటి రోగులతో పంచుకున్న నాలుగు మాటలు పరిశోధన పత్రంలో ఉదాహరణగా తేలతాయని రాసినవారు ఊహించి ఉండరు. పేర్లు తీసేస్తే చాలనుకోవడం మరొక భ్రమ. 2006లో అమెరికా ఇంటర్నెట్ సేవల సంస్థ ఏఓఎల్ పరిశోధకుల కోసమని దాదాపు 6,50,000 మంది వినియోగదారుల వెతుకులాటల చిట్టాను, పేర్ల స్థానంలో అంకెలు ఉంచి విడుదల చేసింది. కొద్ది రోజుల్లోనే విలేఖరులు ఒక అంకె వెనక ఉన్న మహిళ ఎవరో, ఆమె వెతికిన విషయాలను బట్టే కనిపెట్టి ఆమె ఇంటికి వెళ్లారు. పోస్టుల విషయంలో ఇది ఇంకా సులువు: వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉటంకిస్తే, దాన్ని సెర్చ్ ఇంజనులో వేసి రాసినవారిని చేరుకోవచ్చు. అందుకే సున్నితమైన విషయాల్లో భావాన్ని మీ మాటల్లో చెప్పడమో, రాసినవారిని అడిగి ఉటంకించడమో మంచిది.

సమీక్ష సరిగా జరగకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే 2014లో ప్రచురితమైన ఫేస్‌బుక్ ప్రయోగం గురించి చదవండి. 6,89,003 మంది చూసే పోస్టులలో సంతోషకరమైనవి కొందరికి, విచారకరమైనవి కొందరికి తగ్గించి, వారి సొంత రాతల ధోరణి మారుతుందా అని పరిశీలించారు. వారిలో ఎవరినీ విడిగా అడగలేదు. సేవా నిబంధనలకు ఒప్పుకోవడమే సమ్మతి అన్న వాదన విమర్శలకు నిలబడలేదు. వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే తర్వాత ఆందోళన తెలుపుతూ ప్రకటన చేయాల్సి వచ్చింది. ఇంటర్నెట్ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం ఏఓఐఆర్ 2002లోనే ఈ విషయాల మీద మార్గదర్శకాలు విడుదల చేసి, తర్వాత సవరిస్తూ వస్తోంది. సమీక్ష సంఘానికి దరఖాస్తు రాసే ముందు అవి చదివితే ఏమేం అడుగుతారో తెలుస్తుంది. ఒక హెచ్చరిక: సంఘం ఆమోదించకముందు సేకరించిన సమాచారాన్ని చాలాచోట్ల వాడనివ్వరు, కనుక ఆత్రపడి ముందే సేకరించకండి.

ఆచరణలో ఇంకో ఇబ్బంది ఉంది. ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) 2023లో తన సమాచారాన్ని ప్రోగ్రాముల ద్వారా ఉచితంగా తీసుకునే సౌకర్యాన్ని ఆపేయడంతో, దాని మీద ఆధారపడిన ఎన్నో పరిశోధనలు మధ్యలో నిలిచిపోయాయి. కంపెనీ దయ మీద ఆధారపడే అంశం డిగ్రీ విద్యార్థికి క్షేమం కాదు. వికీపీడియాను పరిశీలించమని నా సలహా. 2001లో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వంలో ఒక్కో వ్యాసానికి ఎవరు ఏ మార్పు ఎప్పుడు చేశారన్న చరిత్ర, ఆ మార్పుల మీద నడిచిన వాదోపవాదాలు సాధారణంగా అందరికీ కనిపిస్తాయి. పాఠ్యాన్ని తిరిగి వాడుకోవడానికి లైసెన్సు కూడా అనుమతిస్తుంది. ఒక వివాదాస్పద వ్యాసం చర్చాపేజీని మొదటి నుంచి చివరి దాకా చదివి, అపరిచితులు ఒక వాక్యం మీద ఏకాభిప్రాయానికి ఎలా వచ్చారో, లేదా ఎందుకు రాలేకపోయారో వివరిస్తే అదే మంచి ప్రాజెక్టు. పది లక్షల పోస్టులను యంత్రంతో లెక్కించి గీసిన పటంకన్నా అలాంటి నిశిత పఠనంలో విద్యార్థి ఆలోచన ఎక్కువగా కనిపిస్తుంది. ఆ సంపాదకులూ మనుషులే కాబట్టి అక్కడా సమీక్ష సంఘాన్ని అడగాల్సిందే.

ప్రశ్న: వ్యాసాలు రాయడానికి చాట్‌జీపీటీ వంటివి వాడవచ్చా? యంత్రాలే రాస్తున్న కాలంలో ఈ డిగ్రీతో ఉద్యోగం వస్తుందా?

జవాబు: వాడవచ్చా అన్నది ఒకే విశ్వవిద్యాలయంలో కూడా పాఠ్యాంశాన్ని బట్టి మారుతుంది, ప్రతి పాఠ్యాంశానికీ ఇచ్చే వివరపత్రంలో ఆ నిబంధన వెతకండి, లేకపోతే అధ్యాపకులకు రాసి జవాబును భద్రపరచుకోండి. అనుమతి ఉన్నా, అవి చూపే ఆధార గ్రంథాలను లైబ్రరీలో తెరిచి చూడనిదే వ్యాసంలో చేర్చవద్దు. లేని పరిశోధనను ఉన్నట్టుగా, రచయిత పేరుతో సహా చెప్పడం వాటికి అలవాటు.

ఉద్యోగాల విషయంలో, వైద్యానికో న్యాయవాదానికో ఉన్నట్టు ఈ పట్టా ఉంటేనే చేయగల పని అంటూ ఏదీ లేదు. సంస్థల సమాచార విభాగాలు, వెబ్ రచన, ఆన్‌లైన్ సమూహాల నిర్వహణ, వినియోగదారుల అవసరాల పరిశోధన, వేదికల్లో హానికరమైన సామగ్రిని నియంత్రించే విధానాల రూపకల్పన ఈ చదువుకు దగ్గరి పనులు. సాదాసీదా ప్రకటనల వంటి రాత పనిని యంత్రాలు ఇప్పటికే కొంత లాక్కున్నాయి, దాన్ని దాచి చెప్పడం అన్యాయం. ఏమి రాయాలో, ఎవరికి రాయాలో, ఏది ప్రచురించకూడదో తేల్చే పనిలో అంత మార్పు రాలేదు.

పట్టా ఒక్కటే చాలని ఎవరూ అనరు కాబట్టి, చేసిన పనిని చూపించే పోర్ట్‌ఫోలియోను మొదటి సంవత్సరం నుంచే మీ సొంత డొమైన్ మీద కూర్చుకోండి. అందులో తయారైన వస్తువును పెట్టి ఊరుకోకుండా, ఎందుకలా చేశారో, ఏమేం వదిలేశారో ఒక పేరాలో రాయండి. ఎంపిక చేసేవారు చూసేది ఆ పేరానే. బృంద ప్రాజెక్టును అందులో చేర్చే ముందు తోటివారి అనుమతి అడగండి, మీరు చేసిన భాగం ఏదో స్పష్టంగా రాయండి.