చెరువులో వూఫర్ ఎందుకు మూగబోయింది?

ప్రశ్న: పన్నెండు అంగుళాల వూఫర్‌ను (మంద్రధ్వని స్పీకరును) నీరు చొరని పెట్టెలో బిగించి, మా ఊరి చెరువులో రెండు మీటర్ల లోతుకు దించాను. 100 హెర్ట్జ్ ధ్వని పది బారల దూరంలో నీటిలో ఉంచిన మైకుకు అందనే లేదు. సముద్రంలో ఎంతో దూరం వినిపించే మంద్రధ్వనిని ఎలా పుట్టిస్తారు?
— డిగ్రీ విద్యార్థి, గార మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తప్పు సగం వూఫర్‌ది, సగం చెరువుది. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది కాబట్టి 100 హెర్ట్జ్ తరంగం పొడవు 15 మీటర్లు. చెరువు లోతు అందులో కనీసం పావు వంతు, అంటే దాదాపు నాలుగు మీటర్లు లేకపోతే ఆ ధ్వని పక్కలకు సాగక పుట్టినచోటే అణగిపోతుంది.

ఇక వూఫర్ సంగతి. గాలిని కదపడానికి చేసిన తేలికపాటి కోను (స్పీకరులో ఊగే గరాటు పొర), నీటిలో తనతోపాటు కొన్ని కిలోల నీటిని ఊపవలసి వస్తుంది. పైగా రెండు మీటర్ల లోతులో దానిమీద పడే బరువు దాదాపు వంద కిలోలు. పెట్టెలోకి అంతే పీడనంతో గాలి నింపకపోతే కోను లోపలికి నొక్కుకుపోయి కదలనే కదలదు.

అసలు చిక్కు కదిలించవలసిన నీటి పరిమాణంలో ఉంది. తరంగం కంటే బాగా చిన్నదైన పరికరం 100 హెర్ట్జ్ వద్ద ఒక కిలోవాట్ ధ్వనిని వెలువరించాలంటే, ప్రతి ఊపుకూ సుమారు అరలీటరు నీటిని తోయాలి. 50 హెర్ట్జ్‌కు దిగితే అది రెండు లీటర్లవుతుంది. విద్యుత్తుతో సాగే పీజో సిరామిక్ పలకల బలం గొప్పదే గాని, వాటి సాగుదల వెంట్రుకవాసి. అందుకే వాటిని దొంతిగా పేర్చి, కోడిగుడ్డు ఆకారపు లోహపు డొల్లలో నిలువునా బిగిస్తారు; కొనలు కాస్త జరిగితే చాలు, పక్కలు అంతకు ఎన్నో రెట్లు ఉబ్బి తగ్గుతాయి. మరీ తక్కువ పౌనఃపున్యాలకు హైడ్రాలిక్ నూనె బలాన్ని వాడతారు.

శక్తి పెంచుతూ పోతే ఉపరితలం దగ్గర నీరే తెగి బుడగలు కడుతుంది కనుక పరికరాన్ని లోతుకు దించాలి. 1991లో దక్షిణ హిందూ మహాసముద్రంలోని హెర్డ్ ద్వీపం వద్ద సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం సుమారు 175 మీటర్ల లోతు నుంచి పంపిన 57 హెర్ట్జ్ ధ్వని అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాలలోనూ వినిపించింది. (కరెంటు సరఫరా 50, 60 హెర్ట్జ్‌ల రొదతో కలవకుండా ఆ అంకెను ఎంచుకోవడం నాకు ముచ్చటగా తోస్తుంది.)

మీ చెరువులో 1000 హెర్ట్జ్‌తో మళ్లీ ప్రయత్నించండి; ఆ తరంగం పొడవు ఒకటిన్నర మీటరే కనుక ఆ లోతు చాలు. యాంప్లిఫయరును మాత్రం బ్యాటరీతోనే నడపండి. ఇంటి కరెంటు తీగను నీటి దరిదాపులకు తీసుకుపోవద్దు.