నాలుగు రూపాయల వడ్డీ

నాయనా,

నీ కార్డు స్టేట్‌మెంట్ చూశాను. 80 వేల బాకీ, నెలకు మూడున్నర శాతం వడ్డీ, కొన్ని నెలలుగా మినిమం డ్యూ, అంటే బ్యాంకు కనీసం కట్టమనే మొత్తం, మాత్రమే కట్టుకుంటూ వస్తున్నావు. "కడుతూనే ఉన్నా పెద్దమ్మా, బాకీ మాత్రం కదలడం లేదు" అన్నావు. అలా కడితే కదలదు.

శాతాలు పక్కన పెట్టి మన పల్లె లెక్క వేద్దాం. నూటికి నెలకు మూడున్నర రూపాయలు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే నాలుగు రూపాయలు దాటింది. పుంగనూరులో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి అప్పిస్తానని వస్తే మీ తాత మజ్జిగ కూడా ఇవ్వకుండా పంపేసేవాడు. రెండు రూపాయలంటేనే పదిసార్లు ఆలోచించే ఇల్లు మనది. అదే వడ్డీ నల్లటి కార్డు మీద వచ్చేసరికి ఎవరికీ వడ్డీలా అనిపించడం లేదు.

80 వేలకు నెల వడ్డీ 2,800, జీఎస్టీ 504, మొత్తం 3,304. మినిమం డ్యూ అయిదు శాతం లెక్కన 4,000. నువ్వు 4,000 కట్టినప్పుడు అసలు తగ్గింది 696 రూపాయలు. మినిమం కడితే లేట్ ఫీజు పడదు, ఖాతా ఎగవేత కిందికి పోదు. అంతవరకే దాని ఉపయోగం.

ఇంకో సంగతి నువ్వు గమనించినట్టు లేదు. కార్డుకు 45, 50 రోజుల దాకా వడ్డీ లేదంటారే, అది పాత బిల్లు పూర్తిగా కట్టినవాళ్లకే. నీలా బాకీ మిగుల్చుకున్నవాళ్లకు ఆ గడువు పోతుంది. నిన్న రేణిగుంటలో కొట్టించుకున్న పెట్రోలుకు నిన్నటినుంచే వడ్డీ మొదలైంది. వచ్చే నెల కడతానులే అనుకుని గీకుతున్నావు కానీ, నీ కార్డుకు ఇప్పుడు ఉచిత గడువు అనేదే లేదు. అందుకే మొదటి పని, ఈరోజునుంచి ఆ కార్డు బయటికి తీయొద్దు. ఫోన్లో, షాపింగ్ యాప్‌లలో, టిఫిన్లు తెప్పించుకునే యాప్‌లో సేవ్ చేసిన కార్డు నంబరు కూడా తీసెయ్. బీరువాలో దాచిపెట్టి యాప్‌లో ఉంచితే దాచినట్టు కాదు.

ఇంత వడ్డీని కోర్టులు ఎట్లా ఒప్పుకుంటాయని అడిగావు. ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అన్నది నిజమే. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి ఎవరో వచ్చి వడ్డీ తగ్గిస్తారని కూర్చోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. ఖరీదైన అప్పును చౌక అప్పుతో తీర్చాలి. మీ ఇంట్లో బంగారం ఉంది. బ్యాంకులో గోల్డ్ లోన్ అయితే చాలాచోట్ల నూటికి రూపాయి లోపే పడుతుంది. రూపాయే అనుకో, 80 వేలకు నెలకు 800. ఇప్పుడు కడుతున్న 3,304 పక్కన పెట్టి చూసుకో. నెలకు 8,000 పక్కన పెట్టగలనన్నావు కదా, ఆ లెక్కన ఏడాదిలోపే నగ ఇంటికొస్తుంది. మధ్యలో కొంచెం కొంచెంగా అసలు కట్టుకోవచ్చా, ముందే తీర్చేస్తే ఏమైనా ఛార్జీ ఉందా, ఈ రెండూ సంతకం పెట్టకముందే అడుగు. వీధి చివర ప్రైవేటు ఫైనాన్స్‌లో పది నిమిషాల్లో డబ్బిస్తారు, కానీ వడ్డీ స్లాబులు గడువు తప్పేకొద్దీ పైకి ఎక్కే పథకాలు ఉంటాయి. నేను బ్యాంకు ఉద్యోగంలో చిత్తూరు బ్రాంచీలో కూర్చున్న రోజుల్లో, అక్కడ పెట్టిన గాజులను విడిపించుకుని మా దగ్గర పెట్టడానికి వచ్చే ఆడవాళ్లను చాలామందిని చూశాను.

బంగారం మీ ఆవిడది. ముందు ఆమెకు చెప్పు. బాకీ ఎంతో, ఎందుకయిందో అన్నీ చెప్పు. మీ అమ్మకు నేను చెప్పను, అది నీ ఇష్టం. మీ ఆవిడకు చెప్పకుండా బీరువా తాళం మాత్రం తీయొద్దు.

ఆమె వద్దంటే బలవంతం చేయకు. కార్డు బ్యాంకుకే ఫోన్ చేసి బాకీని ఈఎంఐగా మార్చమని అడుగు. వడ్డీ ఇప్పటికంటే బాగా తగ్గుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఉంటాయి, మొత్తం ఎంత కట్టాలో అంకె చెప్పమను. నెలవారీ ఎంత అనేది ఒక్కటే విని సరే అనొద్దు.

చేయకూడనివి రెండు. ఏటీఎంలో ఆ కార్డు పెట్టి డబ్బు తీయకు. తీసిన క్షణంనుంచి వడ్డీ, పైన ఫీజు. రెండోది, కార్డు స్వైప్ చేస్తే కమిషన్ పట్టుకుని క్యాష్ ఇస్తామనేవాళ్లు. మీ ఫ్యాక్టరీ కుర్రాళ్లు 'రొటేషన్' అంటారట, ఒక కార్డు బాకీ ఇంకో కార్డుతో. అప్పు అలాగే ఉంటుంది, ప్రతి తిప్పుకూ కమిషన్ పోతుంది.

కొంత మాఫీ చేసి 'సెటిల్‌మెంట్' చేస్తామని ఫోన్లు వస్తాయి. నీకు ఉద్యోగం ఉంది, కట్టే దారి ఉంది, ఒప్పుకోకు. నీ క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, రేపు ఇంటి లోన్‌కు వెళితే అదే అడ్డం. వసూలు మనుషులు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. చేస్తే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు.

మన ఊళ్లో అప్పు మాట వస్తే ఎవరో ఒకరు "కొండమీది స్వామికే కుబేరుడి బాకీ ఉంది" అంటారు. ఆయనకు హుండీ ఉంది నాయనా, నీకు జీతం ఒక్కటే.

బాకీ తీరాక కార్డు పారేయమని నేను అనను. ఆసుపత్రి అడ్వాన్సుకు, టికెట్లకు పనికొస్తుంది. లిమిట్ లక్ష ఉంటే 30 వేలు దాటకుండా వాడు, నీ క్రెడిట్ స్కోరుకూ అది మంచిది. ఆటో డెబిట్‌లో 'మినిమం' అని పెట్టుకున్నావేమో చూడు, 'టోటల్' అని మార్చు. లిమిట్ పెంచుతామంటే వద్దను. గాంధీ రోడ్డులో నువ్వు తీసుకున్న ఆ రెండో కార్డు ఎందుకో నాకర్థం కాలేదు, అది మూసెయ్. బాకీ లేకుంటే, అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున బ్యాంకే నీకు ఇచ్చుకోవాలి.

వచ్చేది రెండో శనివారం, బ్యాంకులుండవు. సోమవారం ఒక పూట సెలవు పెట్టు. ఇద్దరూ ఆధార్, పాన్ తీసుకుని పదకొండులోపు వెళ్లండి, ఆ తర్వాత బంగారం విలువ కట్టే అప్రైజరు దగ్గర జనం పెరుగుతారు. డబ్బు ఖాతాలో పడగానే అక్కడే కూర్చుని కార్డు బాకీ మొత్తం కట్టేసి, రసీదు ఫోటో నాకు పంపు.

మీ పెద్దమ్మ