చిన్నా, పీల్చడం కాదు, ముందు వదులు

చిన్నా,

మెట్రోలో మళ్ళీ అలాగే అయిందంట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఈసీజీ, థైరాయిడ్ బానే ఉన్నాయి, పానిక్ ఎటాక్ అన్నారు కదా డాక్టరు గారు, అంటే నువ్వు నాటకాలాడుతున్నావని కాదు, ఆ బాధ నిజమే, కాకపోతే గుండెది కాదు. నాకూ చాలా ఏళ్ళు వచ్చేవి కాబట్టి నాకు పనికొచ్చినవి రాస్తున్నా.

ఊపిరి ఆడట్లేదు అనిపిస్తుంది కదా, నిజానికి జరిగేది రివర్స్, గబగబా పీల్చేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోద్ది, ఆ వేళ్ళ తిమ్మిర్లు, పెదాల చుట్టూ జిమజిమలు, కళ్ళు తిరగడం అన్నీ అందుకే. ఇంకా పీలిస్తే ఇంకా పెరుగుద్ది. పక్కనోళ్ళు "గట్టిగా ఊపిరి పీల్చు బాబూ" అంటారు, వినకు. ముందు వదులు. వేడి టీ ఊదుకున్నట్టు పెదాలు దగ్గరపెట్టి మెల్లిగా 6 లెక్కపెడుతూ వదిలి, ముక్కుతో 4 లెక్కపెడుతూ తీసుకో, పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే చెయ్యి లేవాలి, భుజాలు కాదు. 4, 6 కుదరకపోతే 3, 4 చెయ్యి, వదిలేది పొడుగ్గా ఉంటే చాలు. మధ్యలో తగ్గిందా తగ్గిందా అని చూసుకోకు, అలా చూసుకుంటే తగ్గదు! మామూలుగా 10 నిమిషాల్లోపే పీక్‌కి వెళ్ళి దానంతటదే దిగుద్ది.

యూట్యూబ్‌లో చూసి ఆ టైంలో కపాలభాతి, భస్త్రిక మొదలెట్టకు, అవి స్పీడు ఊపిరి. భ్రామరి, అదే తుమ్మెదలా మ్‌మ్ అంటూ మెల్లిగా ఊపిరి వదలడం, ఓకే. కవర్లో ఊపిరి తీసుకోవడం అసలొద్దు, నీకు ఆస్తమా ఉంది.

ఇవన్నీ ఎటాక్ వచ్చినప్పుడు కొత్తగా చేద్దామంటే రావు, రోజూ పడుకునే ముందు బాగున్నప్పుడే ప్రాక్టీస్ చెయ్యి. దాంతోపాటు పిడికిళ్ళు ఓ 5 సెకన్లు బిగించి ఒక్కసారి వదిలెయ్, తర్వాత భుజాలు, దవడ, పొట్ట, కాళ్ళు. ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికా డాక్టరు 1929లోనే దీని మీద పుస్తకం రాశాడు, కొత్త ఫ్యాషనేం కాదు. నాకైతే దవడ దగ్గరే తేడా తెలిసేది, రోజంతా పళ్ళు బిగించుకునే ఉండేదాన్నని అప్పటిదాకా నాకే తెలీదు.

అసలు సంగతి మెట్రో. అమీర్‌పేటలో దిగిపోయి ఆటో ఎక్కేస్తున్నావంట. దిగగానే ప్రాణం హాయిగా ఉంటుంది, అదే చిక్కు, దిగాను కాబట్టే బతికాను అని మనసు రాసేసుకుంటుంది, రేపు స్టేషన్ మెట్లెక్కాలన్నా భయమేస్తుంది. మరీ ఉండలేకపోతే దిగు, కానీ ప్లాట్‌ఫామ్ మీదే కూర్చుని కాస్త కుదుటపడ్డాక తర్వాతి ట్రైనే ఎక్కు. మొదట్లో ఒక్క స్టేషన్ చాలు.

ఫ్రెండ్ ఇచ్చిన ఆల్ప్రజోలం, ఆ కంగారు తగ్గించే బిళ్ళ, మాత్రం వేసుకోకు నాయనా, అలవాటైపోద్ది. మందులు కావాలో లేదో సైకియాట్రిస్టుని చెప్పనీ, సీబీటీ అని, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్ ఉంది, దీనికి బాగా పనిచేస్తుంది, అడుగు. రాత్రిపూట ఎవర్నీ లేపలేకపోతే 14416కి కొట్టు, టెలీ మానస్, మనసు బాగోనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, గవర్నమెంట్‌ది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి 108కి చెయ్యి.

కాఫీ కూడా ఒకటికి తగ్గించు. ఆదివారం ఫోన్ చెయ్, కలిసి ఓసారి ప్రాక్టీస్ చేద్దాం.

పెద్దమ్మ