ఊరు నీళ్లలో పోయింది, కడపలో కొత్త ఇంట్లో మామకు మనసు నిలవట్లేదు

కడప నుంచి ఒక కోడలు రాసింది. వాళ్ల ఊరు కొండాపురం మండలంలో ఉండేదంట, 2020లో గండికోట రిజర్వాయర్ నింపేటప్పుడు ఖాళీ చేసి వచ్చేశారు. కడపలో పైన కింద కట్టుకున్నారు, మామకు కింద సపరేట్ రూము, ఏసీ, అన్నీ ఉన్నాయి. ఆయనకు 70 దాటాయి, అత్తమ్మ అంతకు ముందే పోయింది. అయినా వారానికోసారి బస్సెక్కి పునరావాస కాలనీలో ఉన్న పాత ఊరోళ్ల దగ్గర కూర్చుని వస్తాడు, పోయేటప్పుడు గేటు దగ్గర "ఇంటికి పోయొస్తామ్మా" అంటాడు. ఆ మాటకు భర్తకు కోపం, ఈమెకు ఏడుపు. మేం ఏం తక్కువ చేసినాం మేడమ్, ఈ ఇల్లు ఆయనకు ఇల్లు లాగా ఎందుకు అనిపించదు అని అడిగింది.

తల్లీ, మీరు ఏమీ తక్కువ చేయలేదు, ముందు ఆ బాధ మనసులోంచి తీసెయ్. కానీ ఒకసారి ఆయన పొద్దు ఎట్లా గడుస్తుందో చూడు. ఊర్లో తెల్లారకముందే లేచి బర్రెలకు మేతేసి, చీనీ తోటకు నీళ్లు కట్టి, వచ్చి రచ్చబండ కాడ కూర్చుంటే గట్టు తగాదాలు కూడా ఆయన దగ్గరికే వచ్చేవని నువ్వే రాశావు. ఇప్పుడు లేస్తే ఆయన చేయకపోతే ఆగిపోయే పని ఒక్కటీ లేదు. కాఫీ నువ్వు తెస్తావు, మోటరు మీ ఆయన వేస్తాడు, కరెంటు బిల్లు ఫోన్లో కట్టేస్తారు. వెనక ఖాళీ జాగాలో మామ మునగ కొమ్మ నాటితే గోడ దెబ్బతింటుందని మీ ఆయన పీకేశాడని రాశావు చూడు, నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది అదే. ఆ పొద్దే ఆయనకు తెలిసిపోయి ఉంటుంది, ఇక్కడ తాను చుట్టం అని.

నీ సంగతే గుర్తు తెచ్చుకో. పెళ్లై వచ్చిన కొత్తలో అత్తమ్మ వంటింట్లో ఉప్పు డబ్బా కూడా అడిగి తీసుకుని ఉంటావు. ఎవరినీ అడక్కుండా డబ్బాలు నీకు నచ్చినట్టు సర్దుకున్న రోజు నుంచి కదా అది నీ ఇల్లయింది. అయినా నీకు పుట్టిల్లు ఉంది, పండక్కి పోతే ఆ గడప అక్కడే ఉంటుంది. ఆయన గడప 26.85 టీఎంసీల రిజర్వాయర్ అడుగున ఉంది. అత్తమ్మ సమాధి కూడా తోటలోనే ఉండేదన్నావు, మన పక్క సొంత చేన్లోనే సమాధి కట్టుకుంటారు కదా, సంక్రాంతికి అక్కడ కొత్త గుడ్డలు పెట్టి దండం పెట్టుకునే మనిషి ఇప్పుడు యాడికి పోవాల?

ఇది ముసలాయన మొండితనం కాదమ్మా. అమెరికాలో బోస్టన్ వెస్ట్ ఎండ్ అనే పేటను 1950ల చివర్లో పడగొట్టి జనాన్ని ఖాళీ చేయించారు, మార్క్ ఫ్రీడ్ అనే సైకాలజిస్టు వాళ్ల పరిస్థితి చూసి 1963లో రాశాడు, చాలామందిలో కనిపించింది అచ్చం సొంత మనిషి పోయినప్పటి దుఃఖమే అని. కాబట్టి "ఇది ఇల్లు కాదా" అని వాదన పెట్టుకోవద్దు, దుఃఖంలో ఉన్నోళ్లతో వాదించి గెలిచేదేం లేదు.

వెనక జాగా ఆయనకు వదిలేయండి, ఏం నాటినా ఆయన ఇష్టం. పై పోర్షన్ బాడుగకు ఇచ్చామన్నావు కదా, ఆ బాడుగ వసూలు, రిపేర్లు, ఎవరిని పెట్టుకోవాలనేది పూర్తిగా ఆయన చేతికే ఇవ్వండి, ఊరికే ఇచ్చినట్టు ఇచ్చి వెనక నుంచి మీ ఆయన ఫోన్ చేసి మార్చేస్తే మాత్రం ఇవ్వకపోవడమే మేలు. ఇంకోటి, మీ వీధిలో అందరూ ఆయన్ని అంకుల్ అంటారు, ఊర్లో అయితే పెదనాయనా, మామా, తాతా అని వరసతో పిలిచేవాళ్లు. వరస కలుపుకోవడం కడపోళ్లకు కొత్త కాదు, ఉగాది నాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వచ్చి టెంకాయలు కొట్టి పోతారు, స్వామి చేసుకున్న బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ అని. పక్కింటి పిల్లలతో తాతా అని పిలిపించు చాలు. కాలనీలో ఉన్న ఆయన జోడీగాళ్లను ఇద్దరు ముగ్గుర్ని ఒక ఆదివారం పిలిచి సంకటి, ఊరుబిండి, నాటుకోడి పులుసు చేసి పెట్టు, ఆయన ఇంటికి నలుగురు వచ్చారు అనేది ఆయనకు కనపడాల.

బస్సెక్కి పోయేది ఆపొద్దు. ఈ సంక్రాంతికి మీరంతా కలిసి ఆయనతో నీళ్ల ఒడ్డు దాకా పోండి, తోట ఏ పక్కన ఉండేదో మీ పిల్లలకు చేయి చూపించి చెప్పుకోనీ. ఒకవేళ తిండి తగ్గి, నిద్ర పోక, నేను ఉండి ఏం లాభం అనే మాటలు వస్తుంటే ఆలస్యం చేయకుండా కడప రిమ్స్ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకుపో, మనసు బాధలు చెప్పుకునే సర్కారు హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసినా మాట్లాడతారు.

మీ ఆయన గురించి కూడా ఒక మాట. ఆయన కూడా ఆ ఊర్లోనే పుట్టి పెరిగినోడు కదా, అప్పులు చేసి, పరుగులు పెట్టి ఈ ఇల్లు కట్టినోడు, ఊరు పోయిందని ఒక్కరోజైనా కూర్చుని ఏడ్చినాడా? నాన్న నోట్లోంచి "ఇంటికి" అని వినగానే అంత కోపం రావడానికి అది కూడా కారణం అయ్యుండొచ్చు. మీరిద్దరే ఉన్నప్పుడు అడుగు, మామ గురించి కాదు, ఆయన గురించే. మొదటిసారి ఏమీ లేదు పో అంటాడు, అట్లని వదిలేయకు, రెండ్రోజులు ఆగి మళ్లీ అడుగు.